కోస్టారికా ప్రజాస్వామ్యం నిలబడింది సైన్యం లేకపోవడం వల్లేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. నికరాగువా, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండురాస్... మధ్య అమెరికాలో ఎటు చూసినా సైనిక కుట్రలు, అంతర్యుద్ధాలు, కుర్చీ దిగనని మొండికేసిన అధ్యక్షులు. వాటి పక్కనే ఉన్న కోస్టారికా మాత్రం డెబ్బై ఏళ్ళకు పైగా గడువు తప్పకుండా ఎన్నికలు జరుపుకుంటోంది. సైన్యాన్ని రద్దు చేసుకోవడమే దీనికి కారణమా? ఇప్పుడు అది కూడా ఎల్ సాల్వడార్ దారి, అంటే అధ్యక్షుడొక్కడే కోర్టులనూ అన్నిటినీ గుప్పిట్లో పెట్టుకునే దారి, పడుతోందా?

నేను ముప్పై ఏళ్ళు కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఎన్నికల సంఘాలు ఎలా పనిచేస్తాయన్నది నా పరిశోధన. ఆ పని మీదే కోస్టారికా రాజధాని సాన్ హోసేలో రెండు విడతలు ఉన్నాను, 2006లో ఒకసారి, 2018లో మరోసారి. రెండూ ఎన్నికల ఏడాదులే. నాది ఇప్పటికీ బజారు స్పానిషే కాబట్టి అక్కడి పండితుడినని చెప్పుకోను. చూసింది, చదివింది చెబుతాను.

సూటిగా జవాబు: సైన్యం లేకపోవడం సగం కారణం. మిగతా సగం గురించి మన పేపర్లలో పెద్దగా రాయరు. అక్కడ ఎన్నికల్లో గెలిచినవాడి చేతికొచ్చేది తక్కువ, ఓడినవాడికి పోయేదీ తక్కువే. ఓట్లు లెక్కపెట్టేది ప్రభుత్వం కాదు. అధ్యక్షుడు వరసగా రెండోసారి నిలబడలేడు, ఎమ్మెల్యే కూడా అంతే. పెద్ద కాంట్రాక్టు ఇవ్వాలన్నా ఇంకెవరో ముద్ర వేయాలి. ఇంత చిన్న కుర్చీ కోసం తుపాకీ పట్టుకునేవాడెవడు? ఇక రెండో ప్రశ్నకు జవాబు: ఎల్ సాల్వడార్ దారి ఇంకా పట్టలేదు. కానీ ఆ దారి మలుపు దాకా వచ్చి నిలబడింది. అదెందుకో చివర్లో చెబుతాను. ముందు 1948 తెలియాలి.

చాలామంది కోస్టారికా మొదట్నుంచీ శాంతిదేశం అనుకుంటారు. కాదు. 1917లో అక్కడా కుట్ర జరిగింది, టినోకో అన్నదమ్ములు రెండున్నరేళ్ళు నియంతల్లా ఏలారు. 1948లో అయితే అంతర్యుద్ధమే వచ్చింది. ఆ ఫిబ్రవరి ఎన్నికల్లో ప్రతిపక్ష అభ్యర్థి ఒతీలియో ఉలాతే, మాజీ అధ్యక్షుడు కాల్డెరోన్ గార్డియా మీద గెలిచినట్టు లెక్క తేలింది. కాల్డెరోన్ మనుషులు ఎక్కువగా ఉన్న కాంగ్రెస్ ఆ ఎన్నికనే కొట్టేసింది. హోసే ఫిగెరెస్ అనే కాఫీ రైతు (ఊరంతా డాన్ పేపే అని పిలిచేవారు) తోటలోంచి తుపాకులతో బయల్దేరాడు. ఆరు వారాల యుద్ధంలో పోయినవాళ్ళు దాదాపు 2000 మంది. అప్పటి జనాభాకు అది చిన్న సంఖ్య కాదు.

గెలిచిన ఫిగెరెస్ 1948 డిసెంబరు 1న బెల్లావిస్తా సైనిక కోట గోడ మీద సుత్తితో ఒక దెబ్బ వేసి, సైన్యం రద్దయిందని ప్రకటించాడు. ఆ కోట ఇప్పుడు నేషనల్ మ్యూజియం. లోపలికి వెళ్తే సీతాకోకచిలుకల తోట ఉంటుంది, బయట బురుజుల మీద తూటాల గుంతలు అలాగే ఉంచేశారు. నేను రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి ఒక స్కూలు పిల్లల బృందం వచ్చింది. ఒక పిల్లాడు బురుజు గుంతలో వేలు పెట్టి తిప్పుతుంటే టీచరు ఏమీ అనలేదు.

ఇందులో ఆదర్శం ఎంతో, లెక్క కూడా అంతే ఉంది. అప్పటికే ఆ సైన్యం బక్కచిక్కి ఉంది, పైగా ఓడిపోయినవాళ్ళ వైపుది. దాన్ని ఉంచితే రేపు తన మీదికే తిరుగుతుందని ఫిగెరెస్‌కు తెలుసు. అదే డిసెంబరులో రియో ఒప్పందం అమల్లోకి వచ్చింది. అంటే పక్కదేశం దాడి చేస్తే అమెరికా ఖండం దేశాలన్నీ పలకాలి. నికరాగువా నుంచి కాల్డెరోన్ మనుషులు అదే నెలలో దాడి చేశారు కూడా. 1955లో మళ్ళీ చేశారు. రెండుసార్లూ బయటి దేశాల ఒత్తిడితోనే ఆగింది. కాబట్టి «సైన్యం లేకపోయినా బతికారు» అనేవాళ్ళు, పైన ఇంకొకరి గొడుగు ఉందన్న సంగతి కూడా చెప్పాలి. రాజ్యాంగం 12వ అధికరణం శాశ్వత సైన్యాన్ని మాత్రమే నిషేధించింది. దేశ రక్షణకు అవసరమైతే పెట్టుకోవచ్చని అందులోనే ఉంది.

నా క్లాసుల్లో సుత్తి దెబ్బ కంటే ఎక్కువసేపు చెప్పేది దాని తర్వాతి కథ. యుద్ధం గెలిచిన ఫిగెరెస్ పద్దెనిమిది నెలలు జుంటా (ఎన్నికలతో రాని తాత్కాలిక పాలక మండలి) నడిపాడు. బ్యాంకుల్ని జాతీయం చేశాడు, ధనికుల ఆస్తి మీద 10 శాతం పన్ను వేశాడు. తనదైన కొత్త రాజ్యాంగం ముసాయిదా రాయించాడు. తీరా రాజ్యాంగ సభకు ఎన్నికలు పెడితే ఆయన వైపు పార్టీకి 45లో వచ్చినవి 4 సీట్లు! సభ ఆయన ముసాయిదాను పక్కన పెట్టి, 1871 నాటి పాత రాజ్యాంగాన్నే ముందేసుకుని మార్పులు చేసింది. తుపాకీ చేతిలో ఉన్న మనిషి దానికి ఒప్పుకున్నాడు. 1949 నవంబరులో అధికారం ఉలాతేకు అప్పగించి ఇంటికి వెళ్ళాడు. తర్వాత సొంత పార్టీ పెట్టుకుని 1953లో ఓట్లతోనే గెలిచి వచ్చాడు. 1958లో ఆ పార్టీ చీలికతో ఓడింది, ప్రతిపక్షానికి మాట్లాడకుండా అప్పగించింది.

ఓడినవాళ్ళ సంగతీ చూడండి. కాల్డెరోన్ 1943లో తెచ్చిన కార్మిక హక్కుల్ని, ఆయనే మొదలుపెట్టిన ఆరోగ్య బీమా సంస్థను (అందరూ «కాహా» అంటారు) ఫిగెరెస్ ముట్టుకోలేదు. కాల్డెరోన్ ప్రవాసం నుంచి తిరిగొచ్చి 1962లో మళ్ళీ అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. 1994 మే 8న అధ్యక్షుడి పట్టీ చేతులు మారిన దృశ్యం వీలైతే వెతికి చూడండి. ఇస్తున్నది కాల్డెరోన్ కొడుకు, వేసుకుంటున్నది ఫిగెరెస్ కొడుకు. తండ్రులు యుద్ధం చేసుకున్నారు, కొడుకులు ప్రమాణస్వీకారం వేదిక మీద కలిశారు. వారసత్వ రాజకీయాలు మనకొక్కళ్ళకే ఉన్నాయనుకునేవాళ్ళకు కూడా ఇది చూపిస్తుంటాను.

కానీ అందరికీ ఈ దయ దొరకలేదు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం 1975 దాకా కొనసాగింది. 1948 డిసెంబరులో లిమోన్ జైలు నుంచి ఆరుగురు ఖైదీలను, అందులో కమ్యూనిస్టు కార్మిక నాయకులనూ, రైలెక్కించి దారిలో కాల్చేశారు. శాంతిదేశం కథ చెప్పేటప్పుడు ఈ పేజీ తిప్పేసి వెళ్ళడం అక్కడా అలవాటే.

ఇక అసలు యంత్రం: ఎన్నికల ట్రిబ్యునల్. 1948 యుద్ధం వచ్చింది ఓట్ల లెక్క మీద కాబట్టి, ఆ లెక్కను రాజకీయ నాయకుల చేతిలోంచి పూర్తిగా తీసేశారు. సుప్రీం ఎలక్షన్ ట్రిబ్యునల్‌ది ఆచరణలో ప్రభుత్వ, శాసన, న్యాయ శాఖల పక్కన నాలుగో శాఖ స్థాయి. సభ్యులను నియమించేది అధ్యక్షుడూ కాదు, శాసనసభా కాదు, సుప్రీంకోర్టు. అదీ మూడింట రెండు వంతుల ఓటుతో. మామూలుగా ముగ్గురుంటారు, ఎన్నికల సమయంలో ఐదుగురవుతారు. మన దగ్గర ప్రధానమంత్రి, ఒక కేంద్రమంత్రి, ప్రతిపక్ష నేత కూర్చుని కమిషనర్లను ఎంపిక చేసే పద్ధతితో పోల్చుకుంటే తేడా మీకే తెలుస్తుంది.

పుట్టిన రోజు నుంచి చనిపోయే రోజు దాకా పౌరుల రిజిస్టరు కూడా ట్రిబ్యునల్‌దే. గుర్తింపు కార్డు ఇచ్చేదీ అదే. కాబట్టి ఓటరుగా నమోదు చేసుకోవడం అనే పనే లేదు, పద్దెనిమిది నిండితే పేరు జాబితాలో ఉంటుంది. ఎన్నికలు ప్రకటించిన రోజు పోలీసుల మీద అధికారం లాంఛనంగా ట్రిబ్యునల్‌కు అప్పగిస్తారు. అధ్యక్షుడు, మంత్రులు ప్రచారంలో ఒక్క మాట మాట్లాడకూడదు, ఓటు వేయడం వరకే. హెలికాప్టర్ దిగి సభలు పెట్టే ముఖ్యమంత్రులను చూసిన కళ్ళకు ఇది నమ్మశక్యంగా ఉండదు.

2006లో నేను సాన్ పెడ్రోలో ఒక రిటైర్డ్ టీచరమ్మ ఇంట్లో మేడ మీద గది అద్దెకు తీసుకుని ఉన్నాను. ఆవిడ ఫిగెరెస్ పెట్టిన లిబరేషన్ పార్టీ మనిషి, కిటికీకి ఆకుపచ్చ తెలుపు జెండా కట్టింది. కొడుకు కొత్తగా వచ్చిన సిటిజన్ యాక్షన్ పార్టీ, కారుకు పసుపు ఎరుపు జెండా. ఫిబ్రవరి 5 ఆదివారం ఇద్దరూ ఒకే కారులో, కిటికీకొక జెండాతో వెళ్ళి ఓటేసి వచ్చారు. రాత్రికి చూస్తే ఆవిడ పార్టీ అభ్యర్థి ఆరియాస్, కొడుకు పార్టీ అభ్యర్థి ఒట్టోన్ సోలిస్ ఇద్దరూ 40 శాతం దగ్గర పక్కపక్కనే. ట్రిబ్యునల్ బ్యాలెట్లన్నీ చేత్తో లెక్కపెడతానంది. వారాలు పట్టింది. నాకైతే టెన్షన్. కౌంటింగ్ హాలు బయట జరిగే గొడవలు చూసి పెరిగినవాణ్ణి కదా, రోజూ పొద్దున టీవీ ముందు కూర్చునేవాణ్ణి. ఆవిడ గాయో పింతో (రాత్రి మిగిలిన అన్నం, చిక్కుడుగింజలు కలిపి వేయించేది, అక్కడి పొద్దుటి టిఫిను) పళ్ళెం నా ముందు పెట్టి, «లెక్కపెడుతున్నారుగా, పెట్టనీ» అనేసి వంటింట్లోకి వెళ్ళేది. నెల తర్వాత ఆరియాస్ గెలిచాడని ప్రకటించారు. తేడా సుమారు 18 వేల ఓట్లు. సోలిస్ ఒప్పుకున్నాడు. కొడుకు తిట్టుకుంటూ కారు జెండా విప్పాడు, అంతే.

అధ్యక్షుడి పవరు గురించి కొంచెం. నాలుగేళ్ళ పదవి. దిగాక ఎనిమిదేళ్ళు ఆగితేనే మళ్ళీ పోటీ. 1969 నుంచి అసలు జీవితంలో రెండోసారి కుదరదనే నిబంధన ఉండేది, 2003లో కోర్టు దాన్ని కొట్టేసింది. అందుకే 1986లో అధ్యక్షుడై, మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి తెచ్చుకున్న ఆరియాస్ 2006లో మళ్ళీ రాగలిగాడు. మొదటి రౌండులో 40 శాతం రాకపోతే ఏప్రిల్‌లో ఇద్దరి మధ్య రెండో రౌండు. శాసనసభ 57 మందిది, ఒకటే సభ. అధ్యక్షుడు దాన్ని రద్దు చేయలేడు, బడ్జెట్‌ను వీటో చేయలేడు. మన కాగ్ డబ్బు ఖర్చయ్యాక లెక్క చూస్తుంది. అక్కడి కంప్ట్రోలర్ పెద్ద కాంట్రాక్టులకు ముందే ముద్ర వేయాలి. కాహా, కరెంటు సంస్థ లాంటివి స్వయంప్రతిపత్తి ఉన్నవి.

వీటన్నిటి మీదా 1989లో ఒక రాజ్యాంగ ధర్మాసనం పెట్టారు. జనం «సాలా క్వార్తా» అంటారు, నాలుగో బెంచి అని. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు, తెల్లకాగితం మీద చేత్తో రాసినా చాలు. 2018లో మా వీధి చివర చిల్లరకొట్టు ఆయన మోకాలి ఆపరేషన్ కోసం ఒక ప్రభుత్వ ఆసుపత్రి చుట్టూ తిరిగి విసిగి, కూతురి నోటుబుక్కులోంచి రెండు కాగితాలు చించి అంపారో (నా హక్కు కాపాడండని ఆ బెంచికి పెట్టుకునే అర్జీ) రాశాడు. అక్షరదోషాలతో సహా. ఆసుపత్రి గడువులోగా ఆపరేషన్ చేయాలని ఉత్తర్వు వచ్చింది. ఆ బెంచికి ఏటా ఇరవై వేలకు పైగా కేసులు వస్తాయి. ఎక్కువ ఇలాంటివే. 2004లో ఒక లా విద్యార్థి మరికొందరితో కలిసి వేసిన కేసులో, ఇరాక్ యుద్ధానికి మద్దతిచ్చిన దేశాల జాబితాలోంచి కోస్టారికా పేరు తీయించమని ప్రభుత్వాన్ని ఆదేశించింది కూడా ఈ బెంచే. అయితే నా అభిప్రాయం ఒకటి. ఆ చిల్లరకొట్టు ఆయన ముందుకు జరిగాడంటే, కాగితం రాయడం తెలియని ఇంకొకాయన వెనక్కి జరిగాడు. క్యూ చిన్నదవలేదు. కోర్టు ప్రభుత్వం చేయాల్సిన పని చేస్తోంటే, ప్రభుత్వం చేయడం మానేసింది.

మీ రెండో ప్రశ్నకు దారి ఇక్కడే మొదలవుతుంది. దేశాన్ని కాపాడిన బ్రేకులే జనానికి విసుగు తెప్పించాయి. ఒక రోడ్డు వేయాలంటే కంప్ట్రోలర్, కోర్టు, టెండరు అప్పీళ్ళు... ఏళ్ళ పని. శాసనసభ్యులు వరసగా రెండోసారి నిలబడలేరు కాబట్టి, నాలుగేళ్ళకోసారి సభ మొత్తం మారిపోతుంది. అవినీతి వేళ్ళూనదని పెట్టిన నిబంధన ఇది. కానీ ఓటరుకు మళ్ళీ మొహం చూపించాల్సిన పని లేనివాడు ఓటరు మాట ఎందుకు వింటాడు? ఈ ఒక్క నిబంధన మాత్రం మార్చాలంటాను నేను. అక్కడి నా మిత్రులు ఒప్పుకోరు.

2004లో ఇద్దరు మాజీ అధ్యక్షులు అవినీతి కేసుల్లో అరెస్టయ్యారు, ఒకరు అమెరికా ఖండ దేశాల కూటమి ప్రధాన కార్యదర్శి పదవి వదిలేసి వచ్చి మరీ. మాజీ అధ్యక్షుణ్ణి కూడా వదల్లేదని బయటివాళ్ళం మెచ్చుకున్నాం. అక్కడి మామూలు మనిషి మాత్రం «అందరూ దొంగలే» అనుకున్నాడు. పోలింగు చూడండి. 1962 నుంచి 1994 వరకు 80 శాతం పైనే ఉండేది, 1998లో 70కి పడింది, 2022 మొదటి రౌండులో 60 దగ్గర ఆగింది. ఓటు వేయడం తప్పనిసరి అని రాజ్యాంగంలో ఉంది, వేయకపోతే శిక్ష మాత్రం లేదు. పార్టీలూ కరిగిపోయాయి. మా టీచరమ్మ కొడుకు పార్టీ 2014, 2018 రెండుసార్లూ అధ్యక్ష పదవి గెలిచి, 2022లో శాసనసభలో ఒక్క సీటూ లేకుండా పోయింది. ఆ ఎన్నికల్లో అధ్యక్ష పదవికి పోటీపడినవాళ్ళు 25 మంది.

ఆ గుంపులోంచి వచ్చినవాడే రోడ్రిగో చావెస్, ప్రపంచ బ్యాంకులో పనిచేసిన ఆర్థికవేత్త. మొదటి రౌండులో 17 శాతం కూడా రాలేదు, రెండో రౌండులో ఫిగెరెస్ కొడుకునే ఓడించాడు. సభలో ఆయన పార్టీకి 10 సీట్లే. నాలుగేళ్ళూ పత్రికలను, కోర్టులను, కంప్ట్రోలర్‌ను, ట్రిబ్యునల్‌ను తిడుతూ గడిపాడు. జనం చప్పట్లు కొట్టారు. అదే సమయంలో కొకైన్ ముఠాల గొడవలతో 2023లో హత్యలు 900 దాటాయి. ఆ దేశ చరిత్రలో అంతకుముందెప్పుడూ లేదు. పక్కన ఎల్ సాల్వడార్‌లో అధ్యక్షుడు బుకెలే ముఠాలన్నిటినీ జైల్లో కుక్కాడని విన్నవాళ్ళకు, మనకూ అలాంటోడు కావాలని అనిపించడం సహజం.

బుకెలే ఏం చేశాడో గుర్తుందా? 2021 మే 1న కొత్త సభ కూర్చున్న మొదటిరోజే రాజ్యాంగ ధర్మాసనం జడ్జీలను, అటార్నీ జనరల్‌ను తీసేసింది. సభలో మూడింట రెండు వంతులు ఆయనవే కాబట్టి. అక్కడి నుంచి రెండోసారి పోటీ, తర్వాత ఎన్నిసార్లైనా పోటీ అన్నీ నల్లేరు మీద నడకే అయ్యాయి.

కోస్టారికాలో ఆ మూడింట రెండు వంతులు అంటే 38. మీరు వార్తలు చదివేటప్పుడు ఈ అంకె ఒక్కటి పట్టుకోండి, చాలు. సుప్రీంకోర్టు జడ్జిని నియమించాలన్నా, ఎనిమిదేళ్ళ గడువు అయ్యాక కొనసాగకుండా దింపాలన్నా 38 ఓట్లు కావాలి. ట్రిబ్యునల్‌ను నియమించేది ఆ సుప్రీంకోర్టే. రాజ్యాంగం మార్చాలంటే 38 కావాలి, అదీ వరసగా రెండు వార్షిక సమావేశాల్లో. ఈ అంకె రెండు వైపులా కోస్తుంది. 2025 సెప్టెంబరులో అవినీతి కేసులో విచారణ కోసం, అధ్యక్షుడిగా చావెస్‌కు కేసుల నుంచి ఉన్న రక్షణ తీసేయాలని సభలో ఓటు పెట్టారు. ఒక అధ్యక్షుడి మీద అలా ఓటు పెట్టడం అదే మొదలు. వచ్చినవి 34. ప్రచార నిషేధం ఉల్లంఘించాడని ట్రిబ్యునల్ కోరిన మీదట పెట్టిన ఇంకో ఓటూ 38 దాకా రాలేదు.

చావెస్ మళ్ళీ నిలబడలేడు కాబట్టి 2026 ఫిబ్రవరి 1న ఆయన మాజీ మంత్రి లారా ఫెర్నాండెస్ నిలబడింది. 40 శాతం గీత దాటి మొదటి రౌండులోనే గెలిచింది. ఓడినవాళ్ళు ఆ రాత్రే ఒప్పుకున్నారు. చూశారా, ఆ అలవాటు ఇంకా పోలేదు. మామూలు చట్టాలకు సరిపోయే మెజారిటీ ఆమె పార్టీకి వచ్చింది, 57లో 31. న్యాయవ్యవస్థను మారుస్తానని ప్రచారంలోనే చెప్పింది. దానికి ఇంకో ఏడుగురు కావాలి. ఆ ఏడుగురూ దొరికేది పాత లిబరేషన్ పార్టీలోనో, ఇంకో ప్రతిపక్షంలోనో. వాళ్ళలో ఎవరూ మళ్ళీ వరసగా పోటీ చేయలేరు కాబట్టి, ఓటరు భయంతో ఆగుతారని కూడా అనుకోలేం.